తాతయ్య ఉత్తరంలో 144 బిట్లు

1978లో భిలాయి నుంచి తాతయ్య మా అమ్మకి రాసిన ఇన్‌ల్యాండ్ లెటర్ మొన్న బీరువాలో దొరికింది. నీలం కాగితం మీద సిరా బాగా వెలిసిపోయింది. స్కానర్‌లో బ్లాక్ అండ్ వైట్ పెడితేనే అక్షరాలు తేలాయి. కానీ ఇలాంటి బొమ్మలు నాలుగు ఫోన్లు తిరిగేసరికి ఫైలు పేరు మారిపోతుంది, ఎవరు రాశారో చెప్పేవాళ్లు ఉండరు. అందుకే రాసినవాళ్ల పేరుని బొమ్మలోనే దాచాలనుకున్నాను.

మామూలు గ్రే ఫోటో అయితే ఇది తేలిక. ఒక్కో పిక్సెల్‌కి, అంటే బొమ్మలోని ఒక్కో చుక్కకి, 256 ఛాయలు ఉంటాయి కాబట్టి 141ని 140 చేసినా కంటికి ఆనదు. నా స్కాన్‌లో పిక్సెల్ అంటే ఒకటే బిట్, అంటే ఒక 0 లేదా 1. అయితే నలుపు, లేదంటే తెలుపు. మొదటిసారి ఎక్కడపడితే అక్కడ మార్చేశాను. కాగితమంతా నువ్వులు చల్లినట్టు అయింది.

దాచడానికి చోటు అక్షరం అంచుల్లోనే ఉంది. సిరా గీత అంచు ఎలాగూ గరుకుగా ఉంటుంది, అక్కడ ఒక చుక్క పెరిగినా తగ్గినా తెలియదు. అయితే అన్ని అంచులూ పనికిరావు. "ధైర్యంగా ఉండమ్మా" అన్నచోట ధ కింది ఒత్తు ఒక్క పిక్సెల్ మందమే మిగిలింది. నా ప్రోగ్రామ్ దాన్ని తెంపేసింది. తాతయ్య అక్షరం చెడిపోయిందని నాకు నిజంగా బాధేసింది. అప్పటినుంచి ప్రతి పిక్సెల్ చుట్టూ ఉన్న ఎనిమిదింటినీ చూసి, గీత తెగినా, రెండు గీతలు అతుక్కున్నా దాన్ని ముట్టుకోకూడదని షరతు పెట్టాను.

ఇక దాచే పద్ధతి. కంప్యూటర్‌కి పేరు కూడా 0, 1 బిట్ల వరసే, ఒక్కో గడిలో ఒక్కో బిట్ దాచాలి. బొమ్మని గడులుగా విడగొట్టి, గడిలో నల్ల పిక్సెళ్లు సరిసంఖ్య అయితే 0, బేసి అయితే 1 అనుకోవాలి. కావలసిన బిట్ ముందే ఉంటే ఏమీ మార్చక్కర్లేదు, లేకపోతే ఒక్క పిక్సెల్ చాలు. మరి ఉత్తరం అంచుల్లో ఉత్త తెల్ల గడులు ఉంటాయి కదా? 2004లో మిన్ వూ, బీడ్ లియూ రాసిన పరిశోధన పేపర్‌లో దీనికి దారి దొరికింది. ఒక రహస్య సంఖ్యతో పిక్సెళ్లన్నిటినీ పేక కలిపినట్టు కలిపి, తర్వాత గడులు చేస్తే, మార్చదగ్గ పిక్సెళ్లు అన్ని గడుల్లోకీ చెదురుతాయి. దాచాక మళ్లీ ఎవరి చోటికి వాళ్లని చేర్చాలి. ఇంత చక్కటి ఆలోచన ఈమధ్య నేను చదవలేదు.

అక్షరాలకి అంకెలిచ్చే పట్టిక యూనికోడ్‌లో "తాతయ్య" అంటే ఆరు సంకేతాలు. వాటిని ఫైల్లో రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, బైటుకి 8 బిట్లు, మొత్తం 144 బిట్లు. అంటే 144 గడులు. మార్చాల్సి వచ్చింది 71 పిక్సెళ్లే.

చాటింగ్ యాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించేసి, అటువైపు మా పిన్నికొడుకుకి చెత్త అక్షరాలు వచ్చాయి. పిక్సెళ్లని ఉన్నవి ఉన్నట్టే దాచే పీఎన్‌జీ ఫైలునే డాక్యుమెంట్‌గా పంపాక "తాతయ్య" అని వచ్చింది.

ఇప్పుడు ఊరు పేరు కూడా చేర్చాలి. లెక్క చూస్తే "భిలాయి"కీ సరిగ్గా 144 బిట్లే.