విశాఖలో కుక్కల బ్రీడర్ రిజిస్ట్రేషన్: నా అనుభవం

నిన్న సర్టిఫికెట్ చేతికొచ్చింది. వచ్చినవాళ్లందరికీ కనబడేలా కెన్నెల్ గుమ్మం పక్కనే తగిలించాను. పెందుర్తి, మధురవాడ, ఆనందపురం వైపు ఇంటి వెనక నాలుగైదు కుక్కల్ని పెంచి, పిల్లల్ని అమ్ముకుని బతికేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

జంతుహింస నిరోధక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలివి. ఎవరు పిల్లలు తీయించి అమ్మినా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. ఫారం, ఆధార్, స్థలం కాగితాలు, 5,000 రూపాయల ఫీజు. ఇదంతా తేలికే.

రిజిస్టరు మాత్రం దరఖాస్తుకి ముందే మొదలుపెట్టండి. ఒక్కో కుక్కకి ఒక పేజీ: జాతి, పుట్టిన తేదీ, చర్మం కింద వేయించిన గుర్తింపు చిప్ నంబరు, టీకాలు, ఎదకొచ్చిన తేదీ, మగకుక్కతో కట్టించిన తేదీ, ఈనిన తేదీ, ఎన్ని పిల్లలు, ఎన్ని పోయాయి, ఎవరికి అమ్మారు. కట్టించిన రోజు నుంచి 63 రోజులు అటూ ఇటూగా ఈనుతుంది కాబట్టి తేదీలు అల్లి రాస్తే చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. 18 నెలలు నిండని ఆడకుక్కని కట్టించకూడదు. జీవితంలో అయిదు ఈతలు దాటకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఈ లెక్కలన్నీ ఆ పేజీలోనే కనబడాలి.

అసలు కష్టం తనిఖీ. వచ్చినాయన గుమ్మంలో అడుగుపెడుతూనే "ఏటండీ, ఫినాయిల్ వాసనే లేదు, కడగరా?" అన్నారు, పనివాళ్ల ముందు. కుక్కపిల్లల్ని రక్తవిరేచనాలతో చంపే పార్వో వైరస్‌ని ఫినాయిల్ చంపదు. దాన్ని చంపేది బ్లీచ్. ముందు సబ్బుతో మలం మరకలన్నీ పోయేలా కడిగి, ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి ముప్ఫై పాళ్లు నీళ్లు కలిపి పోసి, పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడగాలి. మురికి మీద పోస్తే బ్లీచ్ పనిచెయ్యదు. ఇదంతా చెబితే "మాకు చెప్తారేటి" అన్నారు. కుక్కపిల్లల్ని అమ్ముకునేవాళ్లంటే దొంగల్ని చూసినట్టు చూసే ఆ చూపు నాకింకా గుచ్చుకుంటోంది.

తర్వాత నేల. టైల్స్ వెయ్యలేదేమని అడిగారు. నున్నటి టైల్స్ మీద పిల్లల వెనక కాళ్లు జారి పక్కలకి చీలిపోతాయి, పెద్ద జాతులకి తుంటి కీళ్లు దెబ్బతింటాయి. గరుకు సిమెంటు నేల, కాలవ వైపు వాలు ఉంటే చాలు. మన సముద్రపు గాలికి తడి త్వరగా ఆరదు, కుక్కల వేళ్ల మధ్య చర్మం ఒరుసుకుపోతుంది. గోడ పగుళ్లు మాత్రం తప్పకుండా పూడ్చండి. గోమార్లు గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు, ఆ పగుళ్లలో. కుక్కకి ఎన్ని మందులు పట్టించినా గోమార్ల వల్ల వచ్చే జ్వరం (టిక్ ఫీవర్) తిరగబెట్టేది అందుకే.

అన్నిటికంటే పెద్ద గొడవ చిప్ దగ్గర. వాళ్లు తెచ్చిన రీడరు పెడితే ఒక్క కుక్కకీ నంబరు పలకలేదు. "చిప్‌లు లేవు" అని రాయబోయారు. బియ్యపు గింజంత ఉండే ఈ చిప్ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 134.2 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, నంబరు 15 అంకెలు. పాతరకం 125 కిలోహెర్ట్జ్ రీడరు దాన్ని చదవలేదు. చిప్ వేసిన డాక్టరుగారిని రీడరుతో సహా పిలిపిస్తే అన్నీ చకచకా పలికాయి. అందుకని తనిఖీ రోజున మీ డాక్టరుగారి రీడరు దగ్గరుంచుకోండి. ఇనప బల్ల మీద, బోనులో చూడొద్దు, ఇనుము సిగ్నల్‌ని చెడగొడుతుంది. భుజాల మధ్య మొదలుపెట్టి నెమ్మదిగా మెడ, భుజం, మోచెయ్యి దాకా తిప్పాలి, చిప్ కిందకి జారి ఉండొచ్చు. చిప్‌తో వచ్చిన బార్‌కోడ్ స్టిక్కర్లు రిజిస్టరులో అంటించి ఉంచండి. వాళ్ల చేతిలో పెన్ను ఆగింది ఆ స్టిక్కర్లు చూశాకే.

రాట్‌వీలర్ జాతి కుక్క ఉంటే ఇంకో మాట వినిపిస్తుంది, "అది నిషేధం కదా" అని. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని నిషేధించమని రాష్ట్రాలకి లేఖ రాసిన మాట నిజమే. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు కాపీ ఫైల్లో పెట్టుకోండి.

నిబంధనలు తప్పని నేననను. ఎనిమిది వారాల నియమం బంగారం లాంటిది. తల్లి దగ్గరా తోడపిల్లల దగ్గరా ఉన్నప్పుడే పిల్లకి ఎంత గట్టిగా కరవకూడదో తెలుస్తుంది. కానీ ఆ చివరి మూడు వారాల మేత, నట్టల మందు, మొదటి టీకా ఖర్చు నిజాయితీగా పెంచేవాడి నెత్తినే పడుతుంది. ముప్ఫై అయిదు రోజుల పిల్లని అట్టపెట్టెలో పెట్టి బస్సెక్కించేవాడికి ఫీజూ లేదు, తనిఖీ లేదు, కొనేవాడికి ధరా తక్కువే. రిజిస్టర్ చేసుకున్నవాడి గోడలు తట్టి చూసే ఓపికలో సగం ఆ అమ్మకాల మీద పెడితే కుక్కలూ బతుకుతాయి, మేమూ బతుకుతాం. కొనేవాళ్లూ సర్టిఫికెట్, చిప్ నంబరు, టీకా పుస్తకం అడగాలి, తల్లిని చూపించమనాలి. చూపించనంటే కొనొద్దు.

సర్టిఫికెట్ గడువు రెండేళ్లు. ఆఖరి నెల దాకా ఆగకుండా, రిజిస్టరు జిరాక్సులతో ముందే రెన్యువల్‌కి పెట్టండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ వేసిన రసీదు తీసుకోండి.