పాత ఊక మీద పటిక నీళ్లు: మందు సరే, నీళ్ల లెక్క చూశారా?

ఊక రేటు చూసి, పాత లిట్టర్ (కోళ్ల కింద పరిచిన, రెట్ట కలిసిన ఊక) మీదే ఇంకో బ్యాచ్ దింపాలనుకునే బ్రాయిలర్ రైతుల కోసం ఈ పోస్టు. కొత్త ఊక పోసేవాళ్లకు ఇది అంతగా పట్టదు. వాళ్లకు అమ్మోనియా ఘాటు గొడవ మూడో వారం దాటాక, అదీ ఎక్కువగా నిప్పుల్ లైన్ల (కోళ్లు నీళ్లు తాగే పైపుల) కింద మొదలవుతుంది. పాత లిట్టర్‌లో అయితే బ్రూడింగ్ (చిన్న పిల్లలకు పెట్టే) వేడి తగిలిన మొదటి రోజే ఘాటు లేస్తుంది.

రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా విడగొడితే అమ్మోనియా పుడుతుంది. లిట్టర్ పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కన్నా తక్కువైతే ఆమ్లం) 7 లోపు ఉంటే అది దాదాపు అంతా గాలిలోకి లేవని అమ్మోనియం రూపంలో లిట్టర్‌లోనే ఉండిపోతుంది, 8 దాటితే గాలిలోకి లేస్తుంది. పాత లిట్టర్ మామూలుగా 8, 9 మధ్య ఉంటుంది. పటిక చేసే పని ఆ పీహెచ్‌ను దించడమే. అమెరికాలో అర్కాన్సాస్ బ్రాయిలర్ ఫారాల్లో 1990ల నుంచి అల్యూమినియం సల్ఫేట్ అనే పటిక వాడుతున్నారు, పొడిగానూ ద్రవంగానూ. లెక్క కడితే కిలో పటిక సుమారు 170 గ్రాముల అమ్మోనియాను పట్టి ఉంచుతుంది.

ఏ పటిక కొంటున్నారో ముందు చూసుకోండి. కిరాణా కొట్టులో దొరికే తెల్లటి గాజులాంటి పటిక పొటాష్ పటిక. అది మామూలు నీళ్లలో లీటరుకు 150 గ్రాముల చుట్టుపక్కలే కరుగుతుంది. పైగా అదే పనికి ఒకటిన్నర రెట్లకు మించి కావాలి. మనకు కావలసింది మంచినీళ్ల ట్యాంకుల్లో వాడే నాన్-ఫెర్రిక్ ఆలం, అంటే అల్యూమినియం సల్ఫేట్. దిమ్మలుగానో పొడిగానో వస్తుంది.

మోతాదు కోడికి 45 గ్రాములు, మరీ ఘాటైన లిట్టర్ అయితే 90 దాకా. కోడికి ఒక చదరపు అడుగు చొప్పున చూస్తే 1,000 చదరపు అడుగులకు 45 కిలోలు. చాలామంది ఇక్కడిదాకా సరిగ్గానే వస్తారు, నీళ్ల దగ్గరే తప్పుతారు.

పురుగుమందు కొట్టే అలవాటుతో 10 కిలోలకు 100 లీటర్లు అని కలిపేస్తారు. అంటే 1,000 చదరపు అడుగుల మీద 450 లీటర్ల నీళ్లు. 3 అంగుళాల పాత లిట్టర్ ఆ జాగాలో సుమారు 2,800 కిలోలు ఉంటుందనుకుందాం, తేమ 25 శాతం. ఈ దెబ్బకు అది 35కి పోతుంది. నిజానికి ఇంకా అన్యాయం. నీళ్లు పై అంగుళంలోనే ఆగితే అక్కడ సగం దాకా నీళ్లే. పిల్లలు నిలబడేది అక్కడే. రెండు రోజుల్లో పైన పెచ్చు కడుతుంది, దాని కింద బ్యాక్టీరియాకు పండగ. పదో రోజుకి ఘాటు తిరిగొస్తే పటిక పనిచేయలేదంటారు. పటిక పనిచేసింది, నీళ్లు ముంచాయి.

అందుకే చిక్కగా కలపాలి. కిలో ఆలానికి లీటరున్నర నీళ్లు. కలిశాక సుమారు 2 లీటర్లవుతుంది, లీటరులో అర కిలో మందు. ఇలా అయితే 1,000 చదరపు అడుగులకు 90 లీటర్ల ద్రావణం, అందులో పోసిన నీళ్లు 67 లీటర్లే. పై లెక్కలోని 25 శాతం తేమ 26 దాటి కొంచెం పైన ఆగుతుంది. 5,000 చదరపు అడుగుల షెడ్డుకు 225 కిలోల ఆలం, 340 లీటర్ల నీళ్లు కావాలి. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు మూడు తీసుకుని, ఒక్కోదాంట్లో 112 లీటర్ల నీళ్లకు 75 కిలోలు వేస్తే సరిపోతుంది.

కరిగించడంలో ఒక కిటుకుంది. దిమ్మలను గులకరాళ్లంత ముక్కలుగా కొట్టి డ్రమ్ము అడుగున పోస్తే రాత్రంతా కర్రతో తిప్పినా అడుగున చిక్కటి పొర, పైన పల్చటి నీళ్లు. అదే నైలాన్ సంచిలో పోసి నీళ్ల పై భాగంలో మునిగేలా అడ్డకర్రకు వేలాడదీయండి. కరిగిన ద్రావణం బరువు కాబట్టి కిందికి జారుతుంది, పల్చటి నీళ్లు దానంతటవే సంచి దగ్గరికి వస్తాయి. సంచి ఖాళీ అయ్యాక ఒకసారి బాగా కలిపి, లీటరు తూచి చూడండి. 1.25 కిలోలకు అటూఇటుగా ఉండాలి. బాగా తక్కువుంటే ఇంకా కరగలేదనో, నీళ్లు ఎక్కువయ్యాయనో అర్థం. అడుగు మడ్డి కదలకుండా తేర్చి, పాత కాటన్ చీర మడతలో వడకట్టి పంపులో పోయండి. ఈ ద్రావణం ఆమ్లం. ఇనుమును, జింకు పూత రేకును, ఇత్తడి నాజిల్‌ను తినేస్తుంది, అందుకని ప్లాస్టిక్ నాజిల్ వాడాలి. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్, గంబూట్లు తప్పనిసరి. ఒంటిమీద పడితే ధారగా నీళ్లతో కడగాలి.

కొట్టే ముందు గడ్డలన్నీ ఏరి బయట పారేయాలి, ముఖ్యంగా డ్రింకర్ల కింద. గడ్డ మీద ఎంత కొట్టినా లోపలికి దిగదు. లిట్టర్‌ను తిరగేసి, పరదాలు తెరిచి గాలి ఆడనిచ్చి, ఉన్న గ్యాస్‌ను పోనివ్వాలి. పిల్లలు దిగడానికి 2, 3 రోజుల ముందు కొట్టడం మంచిది. వారం పైన ఆగితే మందు కొంత ఖాళీ షెడ్డులోనే ఖర్చయిపోతుంది.

సన్నటి మంచులా కొట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముతక చుక్కలు, తక్కువ ప్రెషర్. ముందు ఒక నిమిషం బకెట్లోకి కొట్టి కొలవండి. నిమిషానికి 6 లీటర్లు వస్తుంటే, 9 లీటర్లు పట్టాల్సిన 10 అడుగుల బై 10 అడుగుల గడికి నిమిషంన్నర. ముగ్గుపిండితో రెండు గళ్లు గీసుకుని ఆ వేగానికి నడక అలవాటు చేసుకుంటే షెడ్డంతా సమానంగా పడుతుంది. బ్రూడింగ్ జాగా ముందు కొట్టండి, మందు చాలకపోతే చివర్లో చాలకపోవాలి.

ఇక సున్నం. ఆరుతుందని లిట్టర్ మీద సున్నం చల్లే అలవాటు మనకు బాగా ఉంది. సున్నం పీహెచ్‌ను పెంచుతుంది, ఉన్న అమ్మోనియానంతా ఒక్కసారిగా పైకి లేపుతుంది. పిల్లలు లేని షెడ్డులో, పరదాలు తెరిచి, అదే కావాలని చేస్తే ఒక పద్ధతే. పటికతో కలిపితే మాత్రం రెండూ ఒకదాన్నొకటి చంపుకుని తెల్లటి ముద్దయి నాజిల్‌లో కూర్చుంటాయి. బ్లీచింగ్ పౌడర్‌తో ఇంకా ప్రమాదం. బ్లీచింగ్ నీళ్లు కొట్టిన పంపును కడగకుండా ఇందులో పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఫార్మలిన్ క్రిములకు మందు, ఘాటుకు కాదు. దాన్నీ ఇందులో కలపొద్దు.

పనిచేసిందో లేదో ముక్కుకు వదిలేయకండి. షెడ్డులో పావుగంట ఉంటే ముక్కు మొద్దుబారుతుంది, అమ్మోనియా 25 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 25) దాటినా తెలియదు. మూడు నాలుగు చోట్ల పై అంగుళం లిట్టర్ తీసి కలిపి, 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల స్వేదన జలంలో అరగంట నానబెట్టి పీహెచ్ పట్టీ ముంచండి. 7 లోపు రావాలి. వారానికోసారి చూస్తూ పోతే మూడు నాలుగు వారాలకు 7.5 దాటుతుంది. అప్పటికి మందు పని అయిపోయినట్టే, ఆపైన పరదాలు తెరిచి గాలి ఆడనివ్వడమే దిక్కు. కోళ్లుండగా మళ్లీ ద్రవం కొట్టొద్దు. తడిసిన చోట్ల తీసి పొడి ఊక వేయండి.

బ్యాచ్ వెళ్లిపోయాక లిట్టర్ అమ్మేటప్పుడు కొనేవాళ్లకు పటిక సంగతి చెప్పండి. పొలానికైతే మేలే, నత్రజని ఎక్కువ మిగులుతుంది. చేపల చెరువుకు తోలుకుపోయేవాళ్లకు మాత్రం తెలియాలి. పటిక భాస్వరాన్ని కట్టేస్తుంది కాబట్టి, నీళ్లు పచ్చబడడానికి వాళ్లు ఆశించినంత భాస్వరం అందులోంచి రాదు.