పత్తి చేలోకి దిగిన కోచ్

అమెరికా కళాశాల కోచ్ ఎడ్డీ రాబిన్సన్ పేరు మన గోదావరి జిల్లాల్లో ఎవరూ విని ఉండరు. ఆయన నేర్పిన ఆటా మనది కాదు. దాన్ని ఫుట్‌బాల్ అంటారు గాని అమెరికావారు బంతిని ఎక్కువగా చేతుల్లోనే పట్టుకుని పరుగెత్తుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు సాగలేకపోతే బంతి అవతలి జట్టు పరమవుతుంది. కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై యేళ్లు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి విరమించినవాణ్ని కనుక, ఆయన చరిత్రను నేను ఆట కోసం కాక ఆ ఉద్యోగం కోసమే చదివాను.

రాబిన్సన్ 1919లో లూసియానా రాష్ట్రంలో, పంటలో వాటాకు పత్తి పండించే నల్లజాతి రైతు ఇంట పుట్టారు. డిగ్రీ చేతికి వచ్చినా గంటకు 25 సెంట్ల కూలికి దాణా మిల్లులో పనిచేయవలసి వచ్చింది. 1941లో, 22 ఏళ్ల వయసులో, గ్రాంబ్లింగ్ అనే పల్లెలోని చిన్న నల్లజాతి కళాశాలలో నెలకు 63.75 డాలర్ల జీతానికి కోచ్‌గా చేరారు. మొదటి ఏడు మూడు ఆటలు గెలిచి అయిదు ఓడారు. మరుసటి ఏడు తొమ్మిదికి తొమ్మిదీ గెలవడమే కాక, ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు.

మైదానంలో గడ్డి కోయడం, గీతలు గీయడం, కుర్రాళ్ల చీలమండలకు పట్టీలు చుట్టడం, ఆట ముగిశాక పత్రికలకు వార్త రాసి పంపడం అన్నీ ఆయన పనులే. సున్నం బకెట్టు పట్టుకుని, రాత్రి కురిసిన వానకు చెదిరిపోయిన కబడ్డీ కోర్టు గీతలను తెల్లవారుజామున మళ్లీ గీసుకున్నవారికి ఇది కొత్తగా అనిపించదు. కొత్తగా అనిపించేది మరొకటి ఉంది. పొరుగూళ్లకు ఆడడానికి వెళ్లినప్పుడు దారిలోని హోటళ్లు నల్లవారికి తిండి పెట్టేవి కావు గనుక, జట్టు మొత్తానికీ శాండ్‌విచ్‌లు ఆయనే తయారుచేసి తీసుకుపోయేవారు. మా పులిహోర పొట్లాలు ప్రయాణ బిల్లు మంజూరు కాక కట్టుకున్నవి. ఆయనవి అవమానాన్ని తప్పించుకోవడానికి కట్టినవి.

ఆయన అదే కళాశాలలో 1997 దాకా ఉండిపోయారు. ఉదయాన్నే ఆవు మెడలో కట్టే గంట మోగిస్తూ హాస్టలంతా తిరిగి, ఆటగాళ్లను తరగతులకు లేపేవారు. 1949లో ఆయన శిష్యుడు టాంక్ యంగర్, నల్లజాతి కళాశాలల నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వృత్తి లీగుకు చేరిన మొదటి ఆటగాడయ్యాడు. ఆ తరువాత రెండు వందల మందికి పైగా ఆ దారిన వెళ్లారు. 1988లో మరో శిష్యుడు డగ్ విలియమ్స్, ఆ లీగు తుదిపోరు సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే జట్టు దాడిని నడిపించే ఆటగాడిగా, నిలిచాడు. గురువుగారి లెక్క 408 విజయాలు, 165 ఓటములు, 15 డ్రాలు. అప్పటికి కళాశాల ఫుట్‌బాల్‌లో ఏ కోచ్‌కూ అన్ని విజయాలు లేవు. చివరి మూడేళ్లూ ఓటములే ఎక్కువ. కొంచెం ముందే తప్పుకొని ఉంటే బాగుండేదని నా అభిప్రాయం, అయితే ఆ మాట చెప్పడం విరమించినవాళ్లకు సులభం.

నా మనసులో నాటుకుపోయింది మాత్రం ఆ 408 కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కళాశాల జట్టు లేక ఆయన అక్కడి హైస్కూలు పిల్లలకు శిక్షణ ఇస్తుండగా, ఇద్దరు మంచి ఆటగాళ్లను వాళ్ల నాన్న ఆట మాన్పించి పత్తి ఏరడానికి పెట్టుకున్నాడు. రాబిన్సన్ వాదన పెట్టుకోలేదు. జట్టునంతా వెంటబెట్టుకుని చేలోకి దిగి, పత్తి ఏరించి, ఆ అన్నదమ్ములను ఆటకు తెచ్చుకున్నారు.

మా కబడ్డీ జట్టులో మంచి రైడరు ఒకడుండేవాడు. ఒక ఏడాది కాకినాడలో పోటీలు మూడు రోజులున్నాయనగా వాళ్ల నాన్న కళాశాలకు వచ్చి, "మాస్టారూ, సార్వా వరి కోసి పనల మీద ఉందండి, తుఫానంటున్నారు, కుర్రాణ్ని పంపండి" అని అడిగారు. చదువుకునే పిల్లవాణ్ని పొలానికి లాగుతారా అని నేను అందరి ముందూ కసిరాను. ఆయన కండువా సర్దుకుని మారు మాట్లాడకుండా వెళ్లిపోయారు. మర్నాటి నుంచి కుర్రాడు రాలేదు. మేము మొదటి రౌండులోనే ఓడి వచ్చాము. ఎకరంన్నర చేను, పన్నెండు మంది కుర్రాళ్లు, కట్టి కుప్ప వేయడానికి ఒక్క పూట పని. ఆ లెక్క నాకు అప్పుడు తట్టలేదు. పాత హాజరు పట్టీలో ఆ కుర్రాడి పేరు ఎదురుగా మూడు రోజులకూ నేను ఎర్ర సిరాతో వేసిన గైర్హాజరు గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.