మైకు లేని ఆరాధన

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊళ్లో కొందరు విశ్వాసులు కొత్తగా మొదలుపెట్టిన ఆదివారం కూడికకు వెళ్లొచ్చాను. మైకు లేదు, కీబోర్డు లేదు, స్టేజీ అసలే లేదు. చెట్టు కింద చాపల మీద అందరూ గుండ్రంగా కూర్చున్నారు. పాస్టరుగారు బైబిల్లోని ఆమోసు 5వ అధ్యాయం చదివించి, ప్రసంగం చేయకుండా ఊరుకున్నారు (మా చర్చిలో ఇది ఊహించలేం!). మాట్లాడింది ఊరివాళ్లే. ఫ్లోరైడ్‌తో నడుం వంగిపోయిన ఒక పెద్దమ్మ, "న్యాయం నీళ్లలెక్క పారాలంటడు దేవుడు. మమ్మల్ని ఇట్ల చేసింది ఆ బోరునీళ్లే గద బిడ్డా" అంది. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క బడిలో చదివిందే, ఆరాధనలో దాని గురించి ఏడవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. మిషన్ భగీరథ నల్లాలు వచ్చినా వంగిన ఎముకలు నిటారు కావు కదా.

తర్వాత చదువుకున్న పిల్లలు పింఛను దరఖాస్తులు నింపడానికి కూర్చున్నారు. చర్చి ముఖం చూడని ముసలాయన కూడా కాగితాలు పట్టుకొచ్చాడు. "ఇది ఎన్జీవో పని, ఆరాధన కాదు" అంటున్నాడు మా అన్న. పాటలు తగ్గిన మాట నిజమే, నాకూ వెలితిగానే ఉంది. అయినా మళ్లీ వెళ్తాను.

వైకల్యం సర్టిఫికెట్ కోసం పెట్టే సదరం క్యాంపుకు పెద్దవాళ్లను తీసుకెళ్లాలి. ఆ వైపు ఆటో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇన్‌బాక్స్ చేయండి.