తల్లికి అప్పగించెను

మిషన్ ట్రిప్‌కి బయల్దేరే ముందు మా టీమ్ అంతా కంఠస్థం చేసిన బైబిల్ వాక్యం యాకోబు 1:27. "తండ్రియైన దేవుని యెదుట పవిత్రమును నిష్కళంకమునైన భక్తి యేదనగా, దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుటయు, ఇహలోకమాలిన్యము తన కంటకుండ తన్నుతాను కాపాడుకొనుటయునే." టీషర్టుల మీద కూడా అదే వేయించాం. అంత వాక్యానికి చోటు చాలదని, "దిక్కులేని పిల్లలను పరామర్శించుట" అన్నంత వరకే ఉంచాం. అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు.

వెళ్లింది పరాయి దేశంలో ఒక పిల్లల హోమ్‌కి, పది రోజులకి. ఏ దేశమో రాయను. ఆ పిల్లల సంగతి నలుగురి నోళ్లలో నానడం నాకిష్టం లేదు.

గేటు తీయగానే పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఐదు నిమిషాలు గడవకముందే ఏడేళ్ల పాప ఒకతె నా ఒళ్లో కూర్చుంది. ఆ రాత్రి ప్రార్థనలో, ఎంత ప్రేమగల పిల్లలో అని దేవుణ్ని స్తుతించాం. ఇప్పుడు తలుచుకుంటే కంగారు పుడుతుంది. ఇంట్లో పెరిగే పిల్లలు కొత్తవాళ్లను చూస్తే చాలాసార్లు ముందు అమ్మ వెనక దాక్కుంటారు. ముక్కూమొహం తెలియని మనిషి ఒళ్లోకి గబుక్కున ఎక్కేయడం, చూసుకునేవాళ్లు మారిపోతూ ఉండే చోట పెరిగిన పిల్లల్లో ఎక్కువ కనిపిస్తుంది. రొమేనియాలోని బుకారెస్ట్‌లో 2000 ప్రాంతంలో మొదలైన ఒక పరిశోధన, అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లను ఏళ్ల తరబడి గమనించింది. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు మనుషులతో బంధం కలుపుకోవడంలో మిగతావాళ్లకంటే మెరుగయ్యారు. మేం పదో రోజు వెళ్లిపోతాం, ఇంకో టీమ్ వస్తుంది. పాపకి ఇంకో ఒడి.

ఆదివారం మధ్యాహ్నం ఒకావిడ చిన్న పొట్లం పట్టుకుని వచ్చి వరండాలో కూర్చుంది. పాప ఆమెను ఆనుకుని కూర్చుని, ఏమీ మాట్లాడకుండా పొట్లం విప్పుకుని తింటోంది. మేమేమో గ్రూప్ ఫొటో హడావుడిలో ఉన్నాం. ఆవిడ ఫ్రేమ్‌లో పడుతోందని, కొంచెం పక్కకు జరగమని చేత్తో సైగ చేశాను. జరిగింది. సాయంత్రం వార్డెన్ గారు చెప్పారు, ఆవిడ పాప తల్లేనని. భర్త పోయాక తిండికీ చదువుకీ జరుగుబాటు లేక బిడ్డను ఇక్కడ ఉంచిందట. నెలకోసారి బస్సెక్కి వచ్చి చూసిపోతుందట.

టీషర్టు మీద చోటు చాలక తీసేసిన మాట "విధవరాండ్రను". ఫొటోలోంచి కూడా ఆ మాటను నా చేత్తోనే తీసేశాను.

యునిసెఫ్ లెక్కలో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా ఆ బిడ్డ అనాథే. 2015లో అలా తేలిన దాదాపు 14 కోట్ల మందిలో, ఇద్దరినీ పోగొట్టుకున్నవాళ్లు కోటిన్నర. నిజంగానే ఎవరూ లేని పిల్లలు ఉన్నారు, వాళ్లకు నీడ కావాలి, కాదనను. కానీ ఎక్కువమందికి అమ్మో నాన్నో ఉన్నారు. లేఖనానికి ఇది కొత్త సంగతి కాదు. కీర్తన 68:5 దేవుణ్ని "తండ్రి లేనివారికి తండ్రి" అంటుంది, వెంటనే "విధవరాండ్రకు న్యాయకర్త" అంటుంది. ధర్మశాస్త్రం నుంచి యాకోబు దాకా ఈ రెండు మాటలూ జంటగా నడవడానికి కారణం నాకు తోచినంతలో ఒకటే: చాలాసార్లు వాళ్లిద్దరిదీ ఒకే ఇల్లు.

రెండవ రాజులు 4లో అప్పులవాడు ఒక విధవరాలి ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వస్తాడు. ప్రవక్త ఎలీషా ఆ పిల్లల్ని తన దగ్గరికి పంపేయమనలేదు. "నీ యింటిలో ఏమి యున్నది?" అని తల్లిని అడిగాడు. ఉన్న కాస్త నూనే పెరిగింది. అది అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు.

ఇక పరామర్శ. మనకు పరామర్శ అంటే చావింటికి వెళ్లి, కాసేపు కూర్చుని, నాలుగు మాటలు చెప్పి లేచి రావడం. మా పది రోజుల ట్రిప్ అచ్చం అలాంటిదే. యాకోబు రాసిన గ్రీకు మాటలో వెళ్లి చూడటంతో పాటు బాగోగులు పట్టించుకోవడం కూడా ఉంది. నాయీను ఊరి గవిని దగ్గర జనం "దేవుడు తన ప్రజలకు దర్శనమనుగ్రహించియున్నాడు" అన్నప్పుడు లూకా తన సువార్తలో వాడింది ఆ క్రియనే. ఆ దర్శనం ఎలా జరిగింది? యేసు ముట్టగానే పాడె ఆగింది, విధవరాలి ఒక్కగానొక్క కొడుకు లేచి కూర్చున్నాడు, "ఆయన అతనిని అతని తల్లికి అప్పగించెను." ఆ కుర్రాణ్ని ఊరూరా వెంట తిప్పుకుంటే ఎంత గొప్ప సాక్ష్యం అయ్యుండేదో! మా టీమ్ అయితే అదే చేసి ఉండేది, వీడియోతో సహా.

అయితే ట్రిప్పులే వద్దంటారా అని మా పాస్టర్ గారు అడిగారు. మరుసటి ఏడాది వెళ్లాం, కానీ వేరేగా. ప్లంబింగ్ తెలిసిన బ్రదర్ బాత్‌రూమ్ పైపులు మార్చారు, నర్సు సిస్టర్ అక్కడి ఆయాలతో కూర్చున్నారు. పిల్లల్ని ఎత్తుకోవడం, నిద్రపుచ్చడం రోజూ ఉండే ఆ ఆయాలకే వదిలేశాం. "మళ్లీ వస్తాను" అని ఏ బిడ్డకూ చెప్పకూడదని ముందే అనుకున్నాం. తిరిగొచ్చాక సంఘంలో చూపించడానికి పిల్లల ఫొటోలు లేవు. చందాలూ తగ్గాయి, దాచడమెందుకు.

ఆ తల్లికి కుట్టుమిషన్ కొనిద్దామని మేం ఇక్కడే తీర్మానం చేసేశాం. అక్కడి సంఘం వాళ్లు వెళ్లి ఆమెనే అడిగితే, మిషన్ వద్దు, ఇంటి అద్దె, స్కూలు ఫీజు గడిస్తే చాలంది. ఆ రెండూ ఇప్పుడు ఆ సంఘం ద్వారానే అందుతున్నాయి. సెలవులకి పాప ఇంటికి వెళ్లిందని, సెలవులు అయిపోయినా అక్కడే ఉందని ఈమధ్య కబురొచ్చింది.

ఫొటో పంపమని నేను అడగలేదు.