కటికి దారిలో టేపు పెట్టి కొలిచాం

కోటి రూపాయలు పెట్టి కొండలెక్కే బండి కొంటామంటే, బీచ్ రోడ్డు మీద నడిపి చూసుకోమంటారు. ఆర్కే బీచ్ దగ్గర ఎక్కాం, రుషికొండ దాకా వెళ్ళాం, తెన్నేటి పార్కు దగ్గర మలుపుల్లో కాస్త ఊగింది, వెనక్కొచ్చాం, అంతే. ఘాట్‌లో నడిపి చూస్తామంటే కుదరదన్నారు. పోనీ సింహాచలం కొండ మీదకైనా అంటే అదీ కుదరదన్నారు. ఏ షోరూమన్నది అనవసరం, వెళ్ళిన ప్రతిచోటా ఇదే మాట. నాకు నిజంగానే ఒళ్ళు మండింది. విశాఖలో ఉండి, తూర్పు కనుమలు ఇంత దగ్గరగా పెట్టుకుని, తారు రోడ్డు మీద ఏసీ చల్లదనం చూసి సంతకం పెట్టాలా?

బండి నాకు కాదు, మా బావకి. ఆయన ఎముకల డాక్టరు. ప్రతి నెలా పాడేరు అవతల పల్లెల్లో వైద్య శిబిరాలకి వెళ్తారు. ఇన్నేళ్ళూ బొలేరోలోనే తిరిగారు. బండికేం కాలేదు, ఆయన నడుమే పోయింది. వెనక మందుల పెట్టెలు, ఇద్దరు నర్సులు, ఒక్కోసారి మా అత్తయ్య. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఎత్తు బండి ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. "థార్ కొనుక్కోండి, సగం డబ్బు కూడా అవదు" అని చెప్పనివాళ్ళు లేరు. థార్‌లోనే ఐదు తలుపుల రాక్స్ కూడా చూశాం, ఐదుగురు కూర్చున్నాక ఆ పెట్టెలు పట్టలేదు. "ఇన్నాళ్ళూ నా కోసం ఏదీ కొనుక్కోలేదురా, ఈ ఒక్కటీ మంచిది కొనుక్కుంటాను" అన్నారు బావ. ఆ మాట తర్వాత ఎవరం ఏమీ అనలేదు.

తెల్లారేసరికి ఏజెన్సీ కొండలకి బయల్దేరాం. ఆయన స్నేహితుడు తన పెద్ద ఎస్‌యూవీని తాళాలతో సహా చేతిలో పెట్టాడు. ఏ కంపెనీదో చెప్పను, అతను ప్రేమగా ఇచ్చిన బండి. మేం కొనాలనుకుంటున్నవి లాండ్ రోవర్ డిఫెండర్, టయోటా లాండ్ క్రూయిజర్ 300, ఆశ చావక మెర్సిడెస్ జీ-క్లాస్. చేతిలో ఉన్నది వీటిలో ఏదీ కాదు, కానీ ఇంచుమించు అదే వెడల్పు, అదే బరువు. కొండ మీద పెద్ద బండి ఎక్కడ ఇరుక్కుంటుందో తెలుసుకోవడానికి అది చాలు.

పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట గురించి చెప్పేదేం లేదు, అందరికీ తెలిసిన దారే. ఎస్.కోటలో ఇడ్లీ బాగుంది. అనంతగిరి దగ్గర కాఫీ మాత్రం చిన్న పేపరు కప్పుకి నలభై రూపాయలు తీసుకున్నారు. పక్కనే కాఫీ తోటలు పెట్టుకుని ఈ రేటేమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఘాట్ ఎక్కడంలో బండికి ఏ ఇబ్బందీ లేదు. ఉండదు కూడా, అది తారు రోడ్డు, ఆల్టోలు కూడా ఎక్కుతున్నాయి.

అసలు పని బొర్రా దగ్గర మొదలైంది. కటికి జలపాతానికి అక్కణ్ణుంచి జీపులు వెళ్తాయి. రాళ్ళ దారి, వానలకి కోసుకుపోయిన గండ్లు, ఒక పక్క లోయ. మా బండిని చూసి జీపుల దగ్గర ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు. వాళ్ళలో ఒకాయన, యాభై దాటి ఉంటాయి, మెడలో తువ్వాలు, బండి చుట్టూ నెమ్మదిగా తిరిగి వచ్చి, "దిగుతాది బాబూ. మరి తిరగాల కదేటి?" అన్నాడు.

ఏ షోరూములోనూ, ఏ వీడియోలోనూ ఈ ప్రశ్న వినలేదు. అందరూ ఎక్కడం గురించే చెబుతారు. హార్స్‌పవరు ఎంత, చక్రాన్ని తిప్పే బలం, అదే టార్కు, ఎంత, ముందు భాగం నేలకి తగలకుండా ఎంత ఏటవాలు ఎక్కుతుంది, ఇవే. డిఫెండర్ 110కి ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలితో బండిని లేపి దించే ఏర్పాటు) పూర్తిగా లేపితే నేల నుంచి 291 మిల్లీమీటర్లు, ముందు కోణం 38 డిగ్రీలు. చాలా గొప్ప లెక్కలు, కాదనను. కానీ ఎక్కిన బండి దిగాలి, దిగిన బండి వెనక్కి తిరగాలి, ఎదురుగా జీపొస్తే పక్కకి ఒదగాలి. ఇవన్నీ వెడల్పుతో తేలే విషయాలు.

మా బండి పక్కన పెట్టేసి ఆయన జీపే మాట్లాడుకున్నాం. ఎనిమిది వందలు అడిగాడు, సీజను కదా అన్నాడు. మధ్యలో ఆపుతూ వెళ్ళాలి అని బావ చెబితే ఇంకో రెండొందలు కలిపాడు. ఇచ్చాం, ఆ డబ్బుకి నాకు ఏ బాధా లేదు. బావ బ్యాగులోంచి స్టీలు టేపు తీశారు. ఆపరేషన్ థియేటరులో ఎంత నిదానంగా ఉంటారో అక్కడా అంతే. ఇరుకుగా కనిపించిన ప్రతిచోటా జీపు ఆపించి దిగడం, నేను ఒక కొస పట్టుకోవడం, ఆయన రెండో కొస పట్టుకుని చదవడం, చిన్న నోటుబుక్కులో రాసుకోవడం. వెనక వచ్చే జీపులవాళ్ళు హారను కొట్టలేదు సరికదా, ఒక కుర్రాడు దిగివచ్చి టేపు బిగించి పట్టుకున్నాడు.

అన్నిటికన్నా ఇరుకు చోటు ఒక బండరాయికీ విరిగిన కల్వర్టు గోడకీ మధ్య. టేపు మీద 2 మీటర్ల 18 సెంటీమీటర్లు. డిఫెండర్ అద్దాలు తెరిచి ఉంటే వెడల్పు 2105 మిల్లీమీటర్లు, మడిస్తే 2008. అంటే అద్దాలు మడిచి, మధ్యలో సూటిగా నడిపితే ఇటు నాలుగు వేళ్ళు, అటు నాలుగు వేళ్ళు. లాండ్ క్రూయిజర్ 300 బాడీ 1980, ఇంకాస్త నయం. మేం ఎక్కిన పాత మహీంద్రా జీపు వీటికన్నా జానెడుకి పైనే సన్నం. అది ఆ రాయి పక్కనుంచి ఆగకుండా వెళ్ళిపోయింది.

కిందకి దిగుతుంటే ఒక గండిలో ఎడమ వెనక చక్రం గాల్లోకి లేచింది. లేచిన చక్రం ఊరికే గిర్రున తిరుగుతోంది, బండి మాత్రం కదలదు. రెండు పక్కల చక్రాలకీ శక్తి పంచే గేర్లని డిఫరెన్షియల్ అంటారు, మామూలు డిఫరెన్షియల్ పద్ధతే అంత, ఏ చక్రానికి పట్టు లేదో శక్తంతా దానికే పోతుంది. దాన్ని లాక్ చేస్తే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి కాబట్టి నేల మీదున్న చక్రం బండిని లాగుతుంది. జీ-క్లాస్‌లో ముందు, మధ్య, వెనక మూడింటికీ వేరువేరు లాకులుంటాయి, బటన్ నొక్కితే పడతాయి. డిఫెండర్‌లో కంప్యూటరే చూసుకుంటుంది. మా డ్రైవరు ఒక అడుగు వెనక్కి తీసి, చిన్న లివరు లాగి, వేగం తగ్గించి బలం పెంచే లో రేంజి గేరులో వేసి, క్లచ్ మొత్తం వదిలేసి, యాక్సిలరేటరు తాకీ తాకనట్టు తాకాడు. జీపు దానంతటది పాకుకుంటూ పైకొచ్చింది. "కాలుతో పని పెట్టుకోకూడదు బాబూ, గేరుకే వదిలీయాల" అన్నాడు. లో రేంజి లేని లగ్జరీ ఎస్‌యూవీలు మన మార్కెట్లో చాలానే ఉన్నాయి, వాటి బ్రోషర్లలో కూడా బురద ఫొటోలే ఉంటాయి. అలాంటివన్నీ బావ ఆ గండి దగ్గరే జాబితాలోంచి కొట్టేశారు.

జలపాతం ఎలా ఉందంటే బాగుంది. ఎక్కువసేపు చూడలేదు. బొంగులో చికెన్ తిన్నాం, రేటు అడక్కుండా ఆర్డరిచ్చిన వాళ్ళకి ఎంత వేస్తారో అంతే వేశారు.

అరకులో రాత్రి పడుకుని పాడేరు వైపు బయల్దేరాం. ఆ హైవేకి పెట్టిన నంబరు 516ఈ, విస్తరణ పనుల కోసం కంకర పోసిన ముక్కలు తగిలాయి. హుకుంపేట దాటాక ఎదురుగా లారీ వస్తే బావ అంచుకి తీశారు. టప్ మని చప్పుడు. దిగి చూస్తే కుడి ముందు టైరు పక్క గోడ బొటనవేలు పట్టేంత చీలిపోయింది. నేల మీద ఆనే భాగంలో మేకు దిగితే పంక్చరు వేస్తారు, పక్క గోడ చీలితే టైరు పారేయడమే. డిక్కీలో ఉన్నది సన్న స్పేరు, గంటకి 80 కిలోమీటర్లు మించకూడదని దాని మీదే రాసి ఉంది. ఆ కంకరలో 80 మాట అలా ఉంచండి, 20లో వెళ్ళాలన్నా టెన్షనే. అది కూడా పోతే ఇంక దిక్కులేదు. లారీ క్లీనరు కుర్రాడు పరిగెత్తుకొచ్చి జాకీ కింద పెట్టడానికి చెక్క దుంగ తెచ్చాడు. వద్దన్నా వినకుండా చక్రం తనే మార్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు, బావ దగ్గర వాళ్ళమ్మ భుజం నొప్పికి మందు పేరు మాత్రం రాయించుకున్నాడు.

పాడేరులో టైరు షాపులన్నీ తిరిగాం. లారీకి ఉంది, జీపుకి ఉంది, ఆటోకి, బైకుకి ఉంది. 21 అంగుళాల టైరు ఎవరి దగ్గరా లేదు, ఎందుకుంటుంది? విశాఖకి ఫోన్ చేస్తే అక్కడ ఒక్కటే దొరికింది, నలభై వేలు దాటింది. తెలిసినాయన దాన్ని ఆర్టీసీ కార్గోలో వేస్తే రాత్రికి పాడేరు కాంప్లెక్సులో దిగింది. రోజంతా అలా పోయింది.

ఇక్కడే నాకు అర్థమైనది చెబుతాను. టైరు మీద 275/45 ఆర్21 అని ఉంటే 275 వెడల్పు, అందులో 45 శాతం పక్క గోడ ఎత్తు, అంటే 124 మిల్లీమీటర్లు. డిఫెండర్‌కే 22 అంగుళాల చక్రం వేయిస్తే 275/45, మళ్ళీ అదే 124. 20 అంగుళాలదైతే 255/60, అంటే 153. 18 అంగుళాలదైతే 255/70, దాదాపు 178. బండి అదే, ఇంజను అదే, రాయికీ చక్రానికీ మధ్య రబ్బరు మాత్రం రెండు అంగుళాలు తేడా. షోరూములో పెద్ద చక్రం అందంగా ఉంటుంది, దానికి అదనంగా డబ్బులు కూడా తీసుకుంటారు. మన కొండలకి వెళ్ళేవాళ్ళు డబ్బు ఎక్కువిచ్చి తక్కువ రబ్బరు కొనుక్కోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

పాడేరులో టైరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నాన్న గుర్తొచ్చారు. ఆయన ఈ ఏజెన్సీలో టీచరుగా చేశారు, సెలవులకి మేం ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్ళం. వానాకాలంలో వాగు పొంగితే బస్సు ఆగిపోయేది. కండక్టరు కర్ర పట్టుకుని నీళ్ళలోకి దిగేవాడు. కర్ర తడి మోకాలు దాటితే ఇంతే సంగతులు, బస్సులో జనమంతా దిగి పనస చెట్ల కింద కూర్చునేవాళ్ళు, వాగు తగ్గేదాకా. ఇప్పుడు డిఫెండర్ 900 మిల్లీమీటర్ల నీళ్ళలో వెళ్తుందని, లాండ్ క్రూయిజర్, జీ-క్లాస్ 700 అని రాస్తారు. 900 అంటే నాకు దాదాపు నడుము దాకా. కానీ పారే వాగులో ఆ అంకె నమ్ముకుని దిగకూడదు. నీటి వడికి బండి పక్కకి కొట్టుకుపోతుంది, రెండు టన్నులు దాటిన బండినైనా లేపేస్తుంది. ఆ కండక్టరు పద్ధతే సరైనది, ఎన్ని కెమెరాలున్నా దిగి చూడాలి.

పాడేరు ఘాట్ దిగుతూ అమ్మవారి పాదాల దగ్గర ఆగాం, అందరూ ఆగుతారు. బావ దండం పెట్టుకుని వచ్చి, ఇంక జీ-క్లాస్ మాట వద్దన్నారు. రెండున్నర కోట్ల పైన, ఆ డబ్బుతో శిబిరాలు ఎన్నేళ్ళు నడపొచ్చో ఆయన లెక్క ఆయనకుంది. లాండ్ క్రూయిజర్ కూడా రెండు కోట్లు దాటింది. మనసు మాత్రం దాని మీదే ఉంది, ఇనప చట్రం మీద బాడీ కూర్చోబెట్టే ఆ ఛాసిస్ పద్ధతి ఆయనకి బొలేరో నుంచి అలవాటు. నాకు మొదట్నుంచీ డిఫెండరే. కారణం అత్తయ్య. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నదైతే ఎక్కేటప్పుడు బండి 50 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. వినడానికి చిన్న మాటే కానీ, ఆ మోకాళ్ళతో ఆవిడ మెట్టెక్కడం చూసినవాళ్ళకి తెలుస్తుంది ఆ రెండంగుళాల విలువ. పైగా పూర్తి సైజు స్పేరు వెనక తలుపుకే ఉంటుంది. ఎయిర్ సస్పెన్షన్ పాడైతే లక్షల్లో ఖర్చు, బాగుచెయ్యాలంటే విశాఖ రావాల్సిందే, అదొక్కటే నాకు గుబులు.

2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చి, సెస్సు తీసేసి 40 శాతం చేశారు. అంతకుముందు సెస్సుతో కలిపి 50 దాకా ఉండేది. ఆ తగ్గింపు తర్వాత కూడా డిఫెండరుకి మన రాష్ట్రంలో కట్టే లైఫ్ టాక్సుతో ఒక మంచి చిన్న కారు వచ్చేస్తుంది. ఆ కాగితం చూసి అక్క గంటసేపు మాట్లాడలేదు.

చివరికి డిఫెండర్ 110 డీజిలే రాయించారు. సేల్స్ కుర్రాడు 22 అంగుళాల చక్రాలు చూపిస్తూనే ఉన్నాడు, బావ నోటుబుక్కు తీసి 255/60 అన్న అంకె చూపించి, "ఇంతకన్నా పెద్ద చక్రమైతే బండి తీసుకోను" అని రాతపూర్వకంగా పెట్టించారు. డెలివరీకి ఇంకా టైముంది. ఈలోపు వచ్చే శిబిరానికి మళ్ళీ బొలేరోయే, నడుముకి బెల్టు పెట్టుకుని.