బండ ఊగుతోందా? తిట్టుకునే ముందు ఒకసారి పైకెత్తి చూడండి

పెరట్లో రాతి బండలు పరిపించి మూడేళ్లు కాలేదు, అప్పుడే వాన పడ్డ మర్నాడు కుర్చీ వేసుకుంటే టక్కుటక్కుమని ఒక మూల ఊగడం, కాలు పెడితే సందులోంచి బురద నీళ్లు చిమ్మడం మొదలైంది. నాసిరకం రాయి అంటగట్టారని చాలా రోజులు తిట్టుకున్నాను. చివరికి ఒక ఆదివారం గడ్డపార పెట్టి ఆ బండ లేపితే విషయం తెలిసింది: నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం అయిదు సిమెంటు ముద్దలు. మిగతాదంతా డొల్ల. ఆ డొల్లలో నీళ్లు, ఒక పక్కన చీమల పుట్ట. ముద్దలు రాయికి అంటుకోనేలేదు, చేత్తో లాగితే ఊడొచ్చేశాయి.

అన్నట్టు, ప్రతి బండ మీదా అయిదు గుండ్రటి మచ్చలు కనిపించేవి, రాయి సహజ రంగే అంతేమో అనుకున్నాను! ముద్ద ఉన్నచోట ఒకలా, ఖాళీ ఉన్నచోట ఒకలా తడి పైకి లాగడంతో వచ్చిన మచ్చలట అవి.

మేస్త్రీలు ఇలా ఎందుకు చేస్తారంటే లెవెల్ తేలిగ్గా కుదురుతుంది, సిమెంటు, ఇసుక కలిపిన మాలు మిగులుతుంది, పని ఒక్కరోజులో అయిపోతుంది. అసలైతే బండ కింద అంతటా 30 నుంచి 50 మిల్లీమీటర్ల మందాన మాలు పరవాలి, రాయి వెనకవైపు సిమెంటు పాలు పూసి ఆ తడి ఆరకముందే కూర్చోబెట్టాలి. మాలు కింద దిమ్మిస కొట్టిన కంకర కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలి. వాలు 80కి 1, అంటే నాలుగు మీటర్ల పొడవుకి అయిదు సెంటీమీటర్లు, అదీ ఇంటి గోడకి దూరంగా పోయేలా. మా దాంట్లో వాలు ఉంది, కాకపోతే గోడవైపుకి.

అలాగని రాయికి అసలు దోషమే ఉండదని కాదు. ఇసుకరాయి పొరలు పొరలుగా ఏర్పడింది కాబట్టి, ఆ పొరల మధ్య బలం లేని బండ మన వాటాకి వస్తే పైన పెచ్చులు లేస్తాయి. గడ్డకట్టే చలి ఉన్నచోట ఇంకా త్వరగా పాడవుతుంది, నీరు మంచయ్యేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బు రాయి లోపలే జరుగుతుంది. గ్రానైట్ నీళ్లు తక్కువ పీలుస్తుంది కాబట్టి ఈ గొడవ దానికి తక్కువ.

కొన్ని పాపాలు మాత్రం అచ్చంగా నావే. మెట్టుకి వేసిన నల్ల సున్నపురాయి మీద సిమెంటు మరకలు పోతాయని యాసిడ్ పోశాను. బుసబుసమని నురగొచ్చింది, అది చూసి భలే శుభ్రమవుతోందని మురిసిపోయాను కూడా, తీరా కరుగుతున్నది రాయే. ఇప్పుడక్కడ చెయ్యి పెడితే గరుకుగా, బూడిద రంగులో ఉంది, మళ్లీ నల్లబడలేదు. ఇసుకరాయి మీద పోసినా క్షేమం కాదు, లోపల ఇనుము ఉంటే తుప్పు రంగు మరకలు లేస్తాయి. ప్రెషర్ వాషర్ తెచ్చి పాకుడుతో పాటు సందుల్లో సిమెంటునీ ఎగరగొట్టింది కూడా నేనే, ఆ తర్వాతే నీళ్లు కిందికి దిగడం ఎక్కువైంది. తడి పీల్చకుండా రాయి మీద పూసే సీలర్ కొడదామా అంటే రాయి లోపల తడి ఉండగా కొడితే ఆ తడి అందులోనే చిక్కుకుని పైన పాలలా తెల్లబారుతుందట, అందుకే దాని జోలికి పోలేదు.

ఆమధ్య సుత్తి పిడితో 42 బండలూ వరసగా తట్టాను. గట్టిగా ఉన్నది ఠంగుమంటుంది, డొల్లది డబడబలాడుతుంది, తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. డొల్లవాటి మీద సుద్దముక్కతో ఇంటూ పెట్టుకుంటూ వెళ్తే 31 తేలాయి. వారానికి రెండు చొప్పున లేపి, పాత ముద్దలు గీకేసి, కింద నిండా మాలు పరిచి మళ్లీ వేస్తున్నాను. మొత్తం ఒకేసారి పీకించెయ్యమని ఇంట్లో గోల. ఇప్పటికి ఆరయ్యాయి, మొన్నటి వానకి ఆ ఆరూ కదల్లేదు, మచ్చలు కూడా కట్టలేదు.